ఎరుపు తరగని చక్రం

షార్జా అల్ నహ్దాలో ఉంటూ, అక్కడే ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం నడుపుకుంటున్న కొప్పిశెట్టి సుభద్ర అనే నేను, కీ.శే. వేణుగోపాలరావు గారి భార్యను, అరవై ఒకటో యేట, తెలివిడి చెడకుండా, ఒకరి బోధనా బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఎల్లుండి నాకు గుండె కవాటం మార్చే ఆపరేషను. బుద్ధి నిలకడగానే ఉంది. నిలకడ లేనిది కాళ్ళకే. కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే లేవాలనిపిస్తోంది.

ఇంతకు ముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. మొదటిదానిలో పిల్లలిద్దరికీ సమానంగా రాశాను. రెండోదానిలో కొడుక్కి ఏమీ రాయలేదు. ఆ రెండూ రాశాక కూడా నాకు నిద్ర పట్టలేదు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా కుమార్తె సంజనది. ఖోర్ ఫక్కాన్ పోర్టులో ఉద్యోగం చేస్తోంది, కాగితాల పనులు తెలిసిన మనిషి. మా ఆయన వీలునామా రాయకుండా పోతే బ్యాంకు ఖాతా స్తంభింపజేశారు. వారసులమని రుజువు చేసుకోవడానికి కోర్టు మెట్లెక్కి దిగింది సంజనే. ఈసారి దానికి ఆ తిప్పలు ఉండకూడదు.

2. దుకాణంలోని కుట్టు మిషన్లు, ఓవర్‌లాక్ మిషను, అద్దాలు, మిగిలిన గుడ్డ, అన్నీ నా దగ్గర పనిచేసే దేవికి. దుకాణం పేరు మార్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. చంక దగ్గర గుడ్డ ఇంకా బిగుతుగా కత్తిరిస్తోంది, అది మాత్రం మార్చుకోవాలి.

3. నా చేతికున్న రెండు బంగారు గాజులు కోడలు శాంతిప్రియకు. ఎలా వచ్చాయో తెలిసి తీసుకోవాలి.

మా ఆయన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌనులో సరుకు అంచనాలు వేసేవారు. ఎండలు ముదిరేలోగా ఎన్ని ఏసీలు తెప్పించాలో, రంజానుకు ఎన్ని ఖర్జూరం పెట్టెలు కావాలో ఆయన చెబితే పెద్దగా తప్పేది కాదు. వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, నలుగురి ముందూ మెచ్చుకునేవాడు. కరోనాలో ఇంట్లో కూర్చోవలసి వచ్చాక, ఫోనులో కేసినో చక్రం చూడడం మొదలుపెట్టారు. ఎరుపు, నలుపు గళ్ళు. తిరిగే చక్రంలో గోళీ ఏ రంగు మీద ఆగుతుందో పందెం. ఎరుపు వరసగా పడుతూ ఉంటే ఇక నలుపు వచ్చి తీరాలని ఆయన లెక్క. నలుపు మీద కాయాలి, పోతే రెట్టింపు కాయాలి, అదీ పోతే దానికి రెట్టింపు. ఎప్పుడో ఒకసారి గెలుస్తాం కనక పోయిందంతా ఒక్కసారే తిరిగొస్తుంది. దానికి సిస్టమ్ అని పేరు పెట్టారు.

2022లో జార్జియా దేశంలోని బటూమికి సెలవులకు వెళ్ళాం. అక్కడ కేసినోలకు చట్టం అడ్డు లేదు. ఆయన గెలిచారు. మర్నాడు ఈ గాజులు కొని, నా చేతికి తొడిగి, “చూశావా సుభద్రా, ఇది జూదం కాదు, అంచనా” అన్నారు. నేనూ మురిసిపోయాను. ఆ రోజు ఓడి ఉంటే బతికిపోయేవాళ్ళం. తరువాత ఒంటరిగా వెళ్ళడం మొదలుపెట్టారు. ఓడిన ప్రతిసారీ ఒక కారణం చెప్పేవారు: బల్ల మంచిది కాదు, మొదటి పందెం పెద్దదైంది, తొందరపడి లేచిపోయాను. 2023లో గోడౌనులోనే పడిపోయి, ఆసుపత్రికి చేరేలోపు పోయారు. జూదమే చంపిందని అనను, రక్తపోటు ఎప్పటినుంచో ఉంది. కాని ఆ చివరి నెలల్లో ఆయన ఒక్క పూటైనా కుదురుగా కూర్చుని అన్నం తినలేదు.

శాంతిప్రియా, ఈ గాజులు తొడుక్కోవద్దు, అమ్ముకో. వచ్చిన డబ్బు నీ పేరు మీదే వేసుకో.

4. మా ఆయన అక్కగారు నాగరత్నమ్మ వదినకు నా ముదురు మెరూన్ పట్టుచీర. ఆమెకు ఆ చీర మీద ఎప్పటినుంచో కన్ను. పరామర్శకు వచ్చి, తమ్ముడి చెయ్యి మంచిదే, నా నస వల్లే అదృష్టం తొలగిపోయిందని అందరూ వినేలా అంది. చీర ఇస్తున్నాను. క్షమాపణ ఇందులో చేరలేదు.

5. కాకినాడ సర్పవరంలో నా స్వార్జితంతో కొన్న ఫ్లాటులో నా కుమారుడు చరణ్‌తేజ్ జీవితకాలం నివసించవచ్చు, లేదా అద్దెకిచ్చి ఆ అద్దె అనుభవించవచ్చు. తాకట్టు, దాన, విక్రయాది హక్కులు అతనికి లేవు. అతని తదనంతరం సర్వహక్కులతో శాంతిప్రియకు చెందుతుంది.

అమ్మ నన్ను నమ్మలేదని వాడు అనుకుంటాడు. అందుకే కారణం రాస్తున్నాను.

చరణ్ దుబాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నాన్న పొరపాటల్లా లెక్కలు బుర్రలో వేయడమేనని, కంప్యూటరుకి అప్పగిస్తే తప్పదని అన్నాడు. పాత ఆటలు లక్షల్లో దానికి ఎక్కించాడు. నమ్మకపోతే వచ్చి చూడమన్నాడు. అవసరమైతే చెయ్యి పట్టుకు లాక్కురావచ్చని 2024 చలికాలంలో వాడితో బటూమి వెళ్ళాను.

రెండు సాయంత్రాలు గెలిచాడు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు, పడిన అంకెలు రాసుకోవడానికి కేసినోవాళ్ళే కాగితం, పెన్ను ఉచితంగా ఇస్తున్నారు. పైన వెలిగే బోర్డు మీద కూడా అవే అంకెలు. నాకు నష్టం తెచ్చేది నేనెప్పుడైనా గిరాకీ చేతిలో ఉచితంగా పెట్టానా? అదే చరణ్‌తో అన్నాను. వాటిని వాడుకోవడం మిగతావాళ్ళకు రాదని నవ్వాడు.

మూడో సాయంత్రం ఎరుపు పడింది, మళ్ళీ ఎరుపు, మళ్ళీ ఎరుపు. వాడు నలుపు మీద రెట్టిస్తూ పోయాడు. ఏడోసారీ ఎరుపే పడ్డాక, ఇక నలుపేనని నాకూ ఒళ్ళంతా తెలిసిపోయినట్టయింది. చేతిసంచీలో ఉన్నదంతా తీసి వాడికివ్వబోయాను. ఇంతలో ఆట నడిపే అమ్మాయి వాడి పందెం ఆపింది. ఈ బల్ల మీద ఇంతకు మించి కాయకూడదట. రెట్టించే దారి అక్కడితో ఖలాస్. ఒప్పుకున్నంత మేరకు కాశాడు. ఎనిమిదోసారీ ఎరుపే.

తిరుగు విమానంలో నాకు తోచింది వాడికి చెప్పాను. మన దుకాణంలో ఏడుగురు ఎర్ర గుడ్డ కొంటే ఆ గుడ్డ తాను అయిపోతుంది, ఎనిమిదో మనిషికి వేరే రంగు చూపించాలి. నాన్న గోడౌనులో పెట్టెలూ అంతే, తగ్గుతాయి కనకే ఆయన అంచనాలు నిలిచాయి. ఆ చక్రంలో ఎరుపు తరగదు. ఎన్నిసార్లు పడినా మళ్ళీ అంతే ఎరుపు, అంతే నలుపు, మధ్యలో కేసినోవాడి కోసం ఒక ఆకుపచ్చ గడి. ఇక దేన్ని అంచనా వేస్తాం?

విమానం దిగుతుండగా, “అమ్మా, సిస్టమ్ కరెక్టే. లిమిట్ లేని టేబుల్ దొరకాలి” అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు, వాళ్ళ నాన్నది. వారం తిరక్కుండా రెండో వీలునామా రాశాను.

తరువాత వెళ్ళలేదంటున్నాడు. జీతం కార్డు శాంతిప్రియ దగ్గరే ఉంటోంది. కాని రాస్ అల్ ఖైమా తీరాన కేసినో హోటలు కడుతున్నారు, కారులో గంట దూరం. మొన్న శుక్రవారం సముద్రానికని మమ్మల్ని అటే తీసుకెళ్ళాడు. దారిలో కారు ఆపి ఆ క్రేన్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. వాడికి ఏమీ ఇవ్వకపోతే కసితో అక్కడికే వెళ్తాడు. అంతా ఇస్తే ధైర్యంతో అక్కడికే వెళ్తాడు. అందుకని అమ్ముకోలేని నీడ ఒకటి ఇస్తున్నాను. ఇది శిక్ష కాదు నాయనా.

6. బ్యాంకులో నా పేరునున్న సొమ్ము ఆపరేషను ఖర్చులు పోను సంజన, శాంతిప్రియ సమంగా తీసుకోవాలి.

7. వీలునామాలో మనిషిని ఎదురుగా ఉన్నట్టు ఇలా పిలవకూడదని సాక్షి మీరా హుస్సేన్ గారు అన్నారు. అయినా పిలుస్తున్నాను. సంజనా, అన్నయ్య డబ్బడిగితే ఇవ్వకు. నా మీద ఒట్టు పెట్టినా, నాన్న పేరు చెప్పినా ఇవ్వకు. ఫోను చేస్తే మాత్రం ఎత్తు. ఎంత పోయిందని అడగకు. ఎక్కడున్నావని అడుగు. వెళ్ళి తీసుకురా.

రాసినదంతా మళ్ళీ ఒకసారి చదువుకుని, ఇదే నా కడపటి మాటగా కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

షార్జా, 11 నవంబరు 2025

(సంతకం) కొప్పిశెట్టి సుభద్ర

సాక్షులు:
హయాత్ బాషా, పక్క దుకాణం యజమాని, స్వస్థలం నెల్లూరు
మీరా హుస్సేన్, టైపింగ్ సెంటర్, అల్ నహ్దా