మైదానానికి సగం ట్యాంకరు

జయచంద్రన్నకు,

ఫుట్‌బాల్ క్లబ్బును బెంగళూరుకు తీసుకుపోయినందుకు నిన్ను తిట్టడానికి రాయడం లేదు. కదిరిలో నీళ్ళు లేవు, గడ్డి బతకదు అన్నావు. నిజమే. ఆ గడ్డి కోసమే మన వీధి ఆడవాళ్ళం వారానికోసారి వచ్చే ట్యాంకరులో సగం నీళ్ళు వదులుకునేవాళ్ళం.

మొన్న కూడా సగం పట్టుకుని, అలవాటుగా బిందెలు పక్కకు జరిపాం. డ్రైవరు రంగన్న, "మిగిలింది యాడ పోసేదమ్మా? గ్రౌండులో ఎవురూ లేరు కదా" అన్నాడు. ఎవరమూ బిందె ముందుకు పెట్టలేకపోయాం. చివరికి నల్లమ్మ, "ఆడనే పోసిరా పోప్పా" అంది. పోసి వచ్చాడు.

ఆటగాళ్ళ చొక్కాల మీద కదిరి పేరు ఇంకా ఉందట. తీసేయించన్నా. అది ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళు ఇంటికి తెచ్చుకోవడం మా చేత కాదు.

నీ వీధి చెల్లెలు