ఎర్ర లైటు వైరు

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే పక్కగదిలోంచి నాన్న వింటారని ఈ ఉత్తరం. ఆయన మందుల వేళకి మోగేలా నువ్వు చేసిచ్చిన టైమర్ గురించే. చిప్పు రోజంతా మేలుకుని బ్యాటరీ తినేస్తోందని, అది మార్చడానికి మాటిమాటికీ నువ్వే రావాల్సొస్తోందని, మందుల వేళకి తప్ప నిద్రపోయేలా ప్రోగ్రాం మార్చావు. ఊరికే వెలిగే ఎర్ర లైటు వైరు కూడా పీకేశావు. "ఇంక నెలల తరబడి బ్యాటరీ మార్చక్కర్లేదక్కా" అని నాతో చెప్పి, ఎప్పట్లాగే నాన్నతో ఒక్క ముక్కైనా మాట్లాడకుండా వెళ్ళిపోయావు.

వారం తిరక్కుండా బ్యాటరీ అయిపోయిందంటే, ఫోన్లో నీ ప్రోగ్రాంనే తిట్టుకున్నావు. దానికేం, నిక్షేపంగా ఉంది. నేను డబ్బా విప్పి చూశాను. ఆ వైరు మళ్ళీ అతికించి ఉంది, ముత్యంలాంటి టంకంతో. ఈ ఇంట్లో రేడియోలు బాగుచేసిన చెయ్యి ఒక్కటే కదా!

నిలదీస్తే నాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ, "అది నెలల తరబడి నడిస్తే వాడింక ఎందుకొస్తాడే?" అన్నారు.

మీ ఇద్దరి పంతాలతో నాకు విసుగొచ్చిందిరా. ఆ వైరు ఈసారి నేనే తీసేశాను. ఆదివారం బ్యాటరీ తేకుండా రా. టంకం అంత నున్నగా ఎలా పెట్టారని ఆయన్ని అడుగు. మిగతాదంతా ఆయనే మాట్లాడతారు.

అక్క