కిల్ట్ మీదికి నీలం చొక్కా

శుక్రవారం రాత్రి, నేపర్‌విల్

రేపే మాధవి పెళ్లి. పిల్లాడి వాళ్లది స్కాట్లాండ్ వంశం కదా, వియ్యంకుడు నాకూ ఒక కిల్ట్ పంపాడు. గళ్ల పావడాలా ఉందన్నానని మాధవి కోప్పడింది. ఈ ఎండల్లో కోటు అక్కర్లేదట, దాని మీదికి మంచి చొక్కా ఒక్కటి చాలట. తెల్లదీ నీలందీ, రెండు తెప్పించాను. పొద్దునే వచ్చాయి. ప్యాకెట్లు విప్పలేదు.

ఏది వేసుకోవాలో తేలక మధ్యాహ్నం హోటల్లో ఉన్న మాధవికి ఫోన్ చేశాను.

"వైట్ వేసుకో నాన్నా, ఫొటోస్‌లో బావుంటుంది. అమ్మ అయితే బ్లూ అనేది," అంది.

ఫోన్ పెట్టేసి వెళ్లి చూస్తే నీలం చొక్కా ప్యాకెట్ విప్పి ఉంది. కాలర్ లోపల పసుపు బొట్టు, ఇంకా తడిగా. కొత్త బట్టకి పసుపు పెట్టందే సుజాత నన్ను వేసుకోనిచ్చేది కాదు. తను పోయి మూడేళ్లు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

నేనే పెట్టి మరిచిపోయానా? ఈ మధ్య స్టవ్ కట్టేయడం రెండుసార్లు మరిచాను. ఆ సంగతి మాధవికి చెప్పలేదు. నేను కాకపోతే మరి...

నీలం చొక్కానే హ్యాంగర్‌కి తగిలించాను. తర్వాత సింక్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వేళ్లకి పసుపు ఉందో లేదో చూసుకోకుండానే చేతులు కడిగేసుకున్నాను.