తొక్కకూడని మంచు

డిసెంబరు, ఆదివారం రాత్రి

లెంపలేసుకుంటున్నాను, ఇంకెప్పుడూ పుట్టినరోజుకి థీమ్ అనను. నాలుగేళ్ల మా చిన్నికి మంచు కావాలి. సరే, ప్రత్తిపాడులో అత్తగారింటి ముందు పెద్ద వాకిలి ఉంది కదా, అక్కడ థర్మాకోల్ ముక్కలు మంచులా పోయిద్దామనుకున్నాను. అత్తయ్య ఒప్పుకుంటేగా! "ఇంటినిండా పత్తి పెట్టుకుని ఆ చెత్త కొంటావా అమ్మాయ్?" అని గదిలో ఉన్న పత్తంతా తెప్పించి పట్టా మీద గుట్టగా పోయించారు. నిజం చెప్పొద్దూ, అచ్చం మంచులాగే ఉంది. మురిసిపోయాను.

ఆ మురిపెం పిల్లలు వచ్చేదాకానే. మొదట వచ్చిన పిల్లాడు అందులోకి దూకబోయాడో లేదో, అత్తయ్య కేక పెట్టారు. "ఒరేయ్, ఆగరా! తొక్కమాక, అది లక్ష్మి!"

"మంచంటే తొక్కి ఆడుకోవాలత్తయ్యా," అన్నాను.

"పంటని కాళ్లతో తొక్కిస్తానా? చూస్తా ఆడుకోమను," అన్నారు.

చూస్తూ ఎలా ఆడతారు? మా ఆయన వైపు చూస్తే, ఊదిన బెలూన్‌నే మళ్లీ ఊదుతున్నారు. చివరికి ఎండలో ఉన్ని టోపీలు పెట్టుకున్న పిల్లలంతా చెప్పులు విప్పేసి, ఆ గుట్ట చుట్టూ గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డారు. కేకు కూడా అలాగే తిన్నారు. వాళ్ల అమ్మలు నవ్వు ఆపుకోవడం నాకు కనపడలేదనుకున్నారు.

ఇందాక చిన్నిని నిద్రపుచ్చుతూ అడిగాను, "మంచుతో ఆడుకున్నావా తల్లీ?" అని.

"కాలు తగిలిందమ్మా. కళ్లకద్దుకున్నాను," అంది.

ఎప్పటికైనా కాశ్మీరు తీసుకెళ్తానని దీనికి మాటిచ్చి ఉన్నాను. అక్కడ ఇది అడుగెలా వేస్తుందో...