మల్లెపందిరిలో పికిలిపిట్ట గూడు

చిత్తూరు, 14 ఏప్రిల్ 1946. ఈ దినం రెండు చాపల వడియాలు పెట్టాను, ఆరు బిందెల నీళ్లు తోడాను, మల్లెపందిరి కింద ఊడ్చాను.

కమలా, నిరుడు పూలు బాగా వస్తాయని నేను పందిరి కత్తిరించినప్పుడు, లోపలున్న పికిలిపిట్ట గూడు మూడు గుడ్లతో సహా కిందపడింది. "చూసి కొయ్యకూడదా అమ్మా? పాపం, అది ఇంక యాడికి పోతాది?" అని నువ్వు రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ ఏటి వానల్లోనే జ్వరం నిన్ను తీసుకుపోయింది.

ఈ ఏడు కత్తెర పట్టలేదు, పూలూ లేవు. పిట్ట మళ్లీ గూడు కట్టింది. "పందిరిని పిట్టకు బాడుగకిచ్చినావా ఏమే?" అన్న మీ నాయనే గూటి దగ్గరికొచ్చే పిల్లిని రోజూ తోలారు. గూట్లోని మూడు పిల్లల్లో ఒకటి చచ్చిపోయింది. మిగిలిన రెండూ ఈ ఉదయం ఎగిరిపోయాయి.

నేను నీకు మూడు బాకీ. రెండు తీర్చాను. ఆ ఒక్కటీ నువ్వు వదిలేస్తే, బాకీ తీరినట్టు రాసుకుంటాను.