అరంగుళం వదులు

చిన్నీ,

ఈ ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. షాపు నడుస్తోంది, మీ వదినకి నన్ను తిట్టే ఓపిక ఇంకా తగ్గలేదు. ఫోను ఉండగా ఈ కాగితాలేమిటని అనుకుంటావు. ఫోనులో అయితే నేను సగం చెప్పి ఎండల గురించి మాట్లాడతాను. తొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. కాగితం మీద రాసింది రాసినట్టు ఉంటుంది, నువ్వూ మధ్యలో "సరేలే అన్నయ్యా" అని ఆపలేవు.

నిన్ను ఒక సాయం అడగాలి. దాంతోపాటు ఒక మాట చెప్పాలి. రెండూ విడివిడిగా రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, కుదరలేదు. ఒకదాన్ని పట్టుకుని లాగితే రెండోది కూడా వచ్చేస్తోంది.

మొదట సాయం సంగతి. మా షాపుకి ఒక కండక్టరమ్మ వస్తుంది. నలభై ఏళ్లుంటాయి, ఒంటరి మనిషి. బస్సు డిపోవాళ్ల యూనిఫాం చొక్కాలన్నీ నేనే కుడతాను కదా, అలా పరిచయం. "రోజుకి ఆరొందల మంది చుట్టాలు మాస్టారూ, ఒక్కరి దగ్గరా చిల్లర ఉండదు" అని నవ్విస్తుంది. ఆర్నెల్ల కిందట రెండు చొక్కాలకి గుడ్డ ఇచ్చింది. నేను మెడ కొలవలేదు. పాత చొక్కా తెమ్మని, దాన్నే ఆదిగా పెట్టుకుని కుట్టి ఇచ్చాను. నెల తిరక్కుండా వచ్చింది, కాలరు బిగుతుగా ఉందని. కుట్టు విప్పి అరంగుళం వదిలాను. ఇంకో రెండు నెలలకి మళ్లీ అదే మాట. మళ్లీ అరంగుళం వదిలాను. "బస్సులో కూర్చుని లావెక్కుతున్నావమ్మా" అని వెక్కిరించాను కూడా. ఆమె నవ్వి ఊరుకుంది. నిజానికి ఆ చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది, నడుం దగ్గర సంచిలా వేలాడుతోంది. మనిషి సగమైపోతుంటే కాలరు ఒక్కటే బిగుతెందుకవుతుంది? ముప్పై ఐదేళ్లుగా మనుషుల ఒళ్లు కొలిచి బతుకుతున్నవాణ్ణి, ఆ మాత్రం కనపడదా? కనపడింది. చూడనట్టు ఊరుకున్నాను.

నిన్న మూడోసారి వచ్చింది. కొత్త చొక్కాకి గుడ్డ తెచ్చింది, పాత చొక్కా మాత్రం తేలేదు. "ఆదితో పని కాదు మాస్టారూ, మెడే కొలవండి" అంది. ఇక తప్పించుకోలేకపోయాను. కాలరు కొలిచేటప్పుడు టేపు లోపల ఒక వేలు పెడతాం, గొంతు ఆడటానికి చోటు ఉండాలని. ఆ వేలు పక్కకి జరిగేసరికి గడ్డ తగిలింది. గోలీ అంత ఉంది. దాని కింద ఇంకోటి, కాస్త చిన్నది. వేలు తగిలినా ఆమె మెడ తిప్పలేదు, నొప్పి ఉన్నట్టు లేదు.  పుస్తకంలో అంకె వేసుకుని "పై శనివారం రామ్మా" అన్నాను. ఆమె కాసేపు అలాగే నిలబడి, వెళ్లిపోయింది.

ఇప్పుడు రెండో మాట.

నేను మెడలు కొలవడం మానేసి తొమ్మిదేళ్లయింది. ఎవరొచ్చినా ఆది తెమ్మంటాను. మాస్టారికి చాదస్తం పట్టుకుందని అనుకుంటారు. చాదస్తం కాదు చిన్నీ. ఆ వేలి కొసన బావ ఉన్నాడు.

బావ పోవడానికి ముందు ఏడాది, బడి వ్యాను డ్రైవర్లందరికీ యూనిఫాం పెట్టారు, గుర్తుందా. "నా బావమరిది ఉండగా బయట కుట్టించుకుంటానా" అంటూ నీలం గుడ్డ చంకలో పెట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. వ్యానులో పిల్లలు చేసే అల్లరి గురించి ఏదో చెబుతున్నాడు. మెడ కొలుస్తుంటే తగిలింది, ఎడమవైపు, చెవి కింద. మాట్లాడుతున్నవాడు ఆగిపోయాడు. అద్దంలో నన్నే చూస్తున్నాడు. నేనూ అద్దంలో ఆయన్నే చూశాను.  తర్వాత నేను "పదిహేనున్నర" అన్నాను. బావ "కాస్త వదులుగా పెట్టు" అన్నాడు.

అరంగుళం వదిలాను. అంతటితో ఆగినా బాగుండేది. కాలరు పైకి నిలబడేలా లోపల గట్టి బక్రం గుడ్డ రెండు పొరలు వేశాను, గడ్డ కనబడకుండా. ఎంత బాగా కుట్టానంటే నాలుగు నెలలు అది ఎవరి కంటా పడలేదు. నువ్వు కూడా ఫోను చేసి "ఆ చొక్కా ఆయనకి భలే కుదిరిందన్నయ్యా" అన్నావు. నేను పొంగిపోయాను. ఆ పొంగిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఎందుకు అడగలేదంటావా? పెద్దవాడు, ఏమనుకుంటాడోనని నీళ్లు నమిలాను. బట్టలు కుట్టేవాడు డాక్టరులా మాట్లాడితే బాగుండదనుకున్నాను. అసలు సంగతి, అడిగితే అది నిజమైపోతుందని భయపడ్డాను. ఆసుపత్రిలో డాక్టరు "నాలుగు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే" అన్నప్పుడు నువ్వు గోడకి ఆనుకున్నావు. నేను నీ వెనకే ఉన్నాను. ఆ నాలుగు నెలలూ ఎక్కడికి పోయాయో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అప్పటి నుంచి నీ మొహంలోకి సూటిగా చూడలేదు. ఆ ఆసుపత్రిలోనే, ఆ జబ్బుతో వచ్చేవాళ్లకి దారి చూపించే ఉద్యోగంలో నువ్వు చేరావని తెలిసి అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏదో ఒక రోజు నేను వచ్చి ఒప్పుకుంటానని నువ్వక్కడ కూర్చున్నట్టు ఉండేది.

దెయ్యాలని నేను నమ్మను. కానీ వీధిలో వ్యాను హారను వినపడితే మిషను మీద కాలు ఆగిపోతుంది. షాపులో అద్దం మార్చేశాను, అయినా లాభం లేకపోయింది. ఎవరైనా దాని ముందు నిలబడితే వాళ్ల భుజం వెనక బావ ఉంటాడు, చెబుతున్న మాట మధ్యలో ఆపేసి. తిట్టినా బాగుండు, ఏమీ అనడు.

బావకి చేసిన పనే ఈమెకీ చేశాను. పైగా ఈసారి తాకడానికే భయపడి ఆర్నెల్లు పోగొట్టాను. క్షమించమని అడగడం లేదు. ఆమె ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని కలవాలి, నేనేం చెప్పాలి, అది రాయి. శనివారం ఆమె వస్తుంది.

మీ అన్నయ్య


అన్నయ్యా,

నీ ఉత్తరం నా బల్ల దగ్గరే విప్పాను. ఇంటికి తీసుకెళ్లి చదవాల్సింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తన కాగితాలు పక్కన పెట్టి "ఏమ్మా, నీకేమైంది" అన్నాడు.

ముందు ఆమె సంగతి. గడ్డ ఉన్నంత మాత్రాన అదే జబ్బని కాదు, వేరే ఏదైనా కావచ్చు. కానీ నొప్పి లేకుండా పెరుగుతూ, మనిషి తగ్గిపోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు. ఒకవేళ ఆయనకొచ్చిన లింఫోమా, అదే ఆ గడ్డల క్యాన్సరు అయినా, అది ఒకే జబ్బు కాదు, చాలా రకాలు. కొన్ని మందులకి బాగా లొంగుతాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా లేచి తిరగడం నేను చూశాను. ఏ రకమో తేలాలంటే గడ్డ తీసి పరీక్షించాలి, సూది పరీక్ష ఒక్కటీ చాలదు. ఎక్కడైనా ఇప్పటికే పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కాగితాలన్నీ తెమ్మను. అవి ఇంట్లో మరిచిపోయి వచ్చి, తెస్తామని వెళ్లి, తిరిగి రానివాళ్లు ఉన్నారు.

నా పనంతా అదే. మందు ఉంది, డాక్టరు ఉన్నాడు. మనిషే ఇక్కడి దాకా రావాలి. మూడు వారాలకోసారి వస్తూనే ఉండాలి, మధ్యలో ఆపకూడదు. ఒకసారి రాకపోతే ఫోను చేసి, రెండోసారి రాకపోతే పక్కింటివాళ్లకి ఫోను చేసి వెంటపడతాను. జబ్బుకి భయపడి మానేసేవాళ్లు తక్కువ అన్నయ్యా. ఎనిమిది గంటల ప్రయాణం, దొరకని సెలవు, వెంట వచ్చే మనిషి లేకపోవడం, వీటితోనే ఆగిపోతారు. ఆసుపత్రి వెనక రోగులకి బస ఉంది, గది నేను చూసిపెడతాను. మందుల ఖర్చుకి దరఖాస్తు నేనే రాస్తాను. డిపోకి డాక్టరు చేత ఉత్తరం ఇప్పిస్తాను. తోడు మనిషిని మాత్రం నేను పుట్టించలేను.

ఇక నీ రెండో మాట.

నువ్వు కొలత తీసిన రోజు సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నారు. "మీ అన్నయ్య చేతికి తగిలింది. ఒక్క మాట అడుగుతాడేమో, చెప్పేద్దామనుకున్నాను. అడగలేదు" అన్నారు.

ఇది నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. నువ్వు అన్నీ రాశాక దాచడం న్యాయం కాదు.

ఆ గడ్డ నేను నీకంటే నెల ముందే చూశాను. డాక్టరు దగ్గరికి పదండి అంటే, వ్యాను ఆగిపోతే పిల్లలు బడికెలా వెళతారని విసుక్కున్నారు. రెండోసారి నేను అనలేదు. ఆయన విసుగు పడలేక ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఆయన ఆ మాట చెప్పాక, అన్నయ్యకి తెలిసిపోయింది కదా, ఇక తనే కదుపుతాడు, తను చెబితే ఈయన వింటారు అని అంతా నీ మీదికి నెట్టేశాను. చొక్కా భలే కుదిరిందని ఫోను చేశానే, అది మెప్పు కాదు. నువ్వు నోరు విప్పుతావేమోనని చేశాను. నువ్వు "గుడ్డ మంచిదమ్మా" అన్నావు. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. అప్పుడైనా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లలేదు చూడు.

తొమ్మిదేళ్లు నీ మీద కోపం పెంచుకున్నాను. నువ్వు మొహం చాటేస్తుంటే, బాధపడుతున్నాడు, పడనీ అనుకున్నాను. ఇక్కడికొచ్చిన ప్రతి మనిషినీ అడుగుతాను, ఎప్పుడు చూసుకున్నారు, ఎవరికి చెప్పారు అని. ఆయన్ని రెండోసారి అడగని మాట వీళ్లందరినీ అడిగి తీర్చుకుందామని. అది తీరేది కాదని చేరిన మొదటి నెలలోనే తెలిసింది.

నిన్ను క్షమిస్తే నన్ను కూడా క్షమించుకోవాలి, అది నావల్ల కావడం లేదు. ఆ సంగతి పక్కన పెట్టు. శనివారం ఆమె చేతికి చొక్కా ఇచ్చి పంపేయకు. ముందు అడుగు.

చెల్లి


చిన్నీ,

అడిగాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివాక ఆ రోజంతా షటరు సగం దించి కూర్చున్నాను. బావ నేను అడగడం కోసం ఎదురుచూశాడన్న మాట నువ్వు రాయకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఇన్నాళ్లూ ఆయన చూపు ఏమిటో తెలియక భయపడేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, భయం పోయింది, దాని చోట వచ్చింది ఇంకా బరువుగా ఉంది. నీ మీద మాత్రం నాకు కోపం రాలేదు. నువ్వు కూడా మోస్తున్నావని తెలియక, నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను.

శనివారం కండక్టరమ్మ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. "ఏదీ చొక్కా" అంది. కుట్టలేదన్నాను. "మెడ మీద ఆ గడ్డ ఎప్పటి నుంచి ఉందమ్మా?" అని అడిగాను. నాకే వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ అడిగాను.

ఆమె భుజానున్న సంచిలో టిక్కెట్ల మిషను కింద నుంచి ఒక కాగితం తీసింది. మడతలు చిరిగిపోయాయి. ఇక్కడి డాక్టరు సూది పరీక్ష చేయించి ఇచ్చిన కాగితం. లింఫోమా అని అనుమానం, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, తోడు మనిషితో వెళ్లాలి అని ఉంది. తోడు మనిషి అన్నచోట కింద గీత గీశారు. తేదీ చూస్తే నాలుగు నెలలయింది.

"ఎవరిని తీసుకెళ్లను మాస్టారూ?" అంది. "బస్సు నిండా మనుషులే. ఒక్కళ్లని కూడా నాతో రండి అని అడగలేకపోయాను. మొదటిసారి కాలరు బిగుతైన మాట నిజమే. తర్వాత బాగానే ఉంది. రెండుసార్లూ మీ చేతికి తగిలితే మీరే అడుగుతారని వచ్చాను. మీరేమో ఆది తే, ఆది తే అని చంపుకు తిన్నారు."

ఆ మాట అని నవ్వింది. నేను మిషను ముందు కూర్చుని, వీధిలోవాళ్లు చూస్తుండగా ఏడ్చాను. చివరికి ఆమే నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. జబ్బు ఎవరికో తెలియకుండా పోయింది.

మీ వదినకి అంతా చెప్పాను, బావ సంగతి కూడా.  విన్నాక అటక మీది నా సంచి కిందికి దించి దుమ్ము దులిపింది. పై గురువారం పొద్దున ఆరింటి బస్సుకి బయల్దేరుతున్నాం, రెండింటికల్లా మీ గేటు దగ్గర ఉంటాం. కాగితాలన్నీ పెట్టించాను. ఎన్నిసార్లు రావాలంటే అన్నిసార్లూ నేనే వస్తానని ఆమెతో చెప్పాను. నమ్మినట్టు లేదు, నమ్మకపోవడం ఆమె తప్పు కాదు. మందులకి లొంగే రకమో కాదో, ఈ నాలుగు నెలలు ఆమెని ఎంత దూరం లాక్కెళ్లాయో నాకు తెలియదు. ఆమెకీ తెలియదు. భయంగానే ఉంది.

గేటు దగ్గర నన్ను చూడగానే నీకు ఆయన గుర్తొస్తారు. నాకూ అంతే. మనిద్దరం అక్కడే మొదలుపెడితే ఆమె మన మధ్య సంచి పట్టుకుని నిలబడిపోతుంది. మన సంగతి తర్వాత చూసుకుందాం, మనం ఎక్కడికీ పోము. ముందు ఆమెను అడుగు. ఆమె చెప్పడం అయ్యేదాకా నావైపు చూడకు.

అన్నయ్య