నలభై రోజుల హాజరు

ఓడ మీద పంపుల దగ్గర ఉన్న మా వారికి,

మీ ఇంటిది దండం పెట్టి రాయునది. ఇక్కడ అత్తయ్యా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ మీరూ అలాగే ఉన్నారని అనుకుంటేనే నాకు కలం కదులుతుంది.

మీరు పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగారు. మొదటిది అత్తయ్య పన్ను గురించి. ఇంకా పీకించుకోలేదు. రెండుసార్లు డాక్టరు గుమ్మం దాకా తీసుకెళ్లాను, రెండుసార్లూ వెనక్కి తిరిగారు. "పన్ను పీకేస్తే నిన్ను తిట్టేటప్పుడు గాలిపోతుందే, అందుకే ఉంచుకున్నా" అంటారు. పంటి మీద లవంగం నొక్కుకుంటూ ఆ మాట అంటుంటే నాకు నవ్వు ఆగలేదు. ఆవిడకీ ఆగలేదు.

రెండోది వంటింటి కప్పు గురించి. రేకు వేయించాను. మేస్త్రీ రేకు తిరగేసి బిగించాడు. నేను చూశాను గాని నోరు తెరిచి చెప్పలేకపోయాను. అత్తయ్య బయటికొచ్చి, "ఏం నాయనా, వాన కింది నుంచి పైకి పడుతుందా మీ ఊళ్లో?" అన్నారు. అప్పుడు విప్పి సరిగ్గా వేశాడు. ఇప్పుడు చుక్క పడటం లేదు.

మూడో ప్రశ్నకి జవాబు రాయటానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వచ్చే నెల పదో తేదీన మీ ఓడ కొత్త జెట్టీకి నూనె దింపటానికి వెళుతోందని రాశారు. "అక్కడి ఇన్‌ఛార్జి నువ్వు పనిచేసే చోటే శిక్షణ అయినవాడట, నల్లకళ్లద్దాలు తీయడట, నువ్వు చూసే ఉంటావు. చదువుకున్నవాడు ఉంటే మాకు నిశ్చింతే కదా, మనిషి ఎలాంటివాడు?" అని అడిగారు. ఫోనులో చెప్పచ్చు కదా అంటారేమో. ఫోనులో నాకు 'ఊఁ' తప్ప మాట రాదని మీకు తెలుసు.

అసలు నేను చేసే పని ఏమిటో మీకెప్పుడూ వివరంగా రాయలేదు. టీలు ఇస్తాను, బోర్డు తుడుస్తాను, కాగితాలు కాపీ తీస్తాను అని మాత్రమే రాశాను. రంగుల దుకాణం పైన రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది. ఇరవై రెండు కుర్చీలు. అక్కడికి వచ్చేవాళ్లు రేపు నూనె ఓడల్ని అద్దెకు మాట్లాడే ఆఫీసుల్లోనో, నూనె దింపే జెట్టీల మీదో పనిచేస్తారు. సరుకు దింపటానికి ఎన్ని గంటలు ఇవ్వాలి, ఆ గంటలు దాటి ఓడ నిలబడిపోతే డెమరేజి అనే జరిమానా ఎవరి మీద పడుతుంది, గొట్టం ఎప్పుడు తగిలించారు, ఎప్పుడు విప్పారు, అది ఎలా రాయాలి, ఇవన్నీ నలభై రోజులు చెబుతారు. చెప్పేది ఒక పాత కెప్టెను. ప్రతి మాటా గంటల్లోనే మాట్లాడతాడు కాబట్టి అందరూ ఆయన్ని గంటల సారు అంటారు. "అమ్మాయ్, టీకి నీకిచ్చిన వ్యవధి పావుగంట, దాటితే డెమరేజి" అంటాడు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు రావటం లేదు.

ఆ గదంటేనే నాకు రోత పుట్టింది. చదువుకున్నవాళ్లు తాగిన కప్పుల్లోనే సిగరెట్టు ముక్కలు ఆర్పుతారు. నేను వేళ్లు పెట్టి తీయాలి. ఒకరోజు పాఠం కోసం సీసాలో తెచ్చిన ముడి నూనెని ఎవరో చేతులు కడుక్కునే తొట్టిలో వంపేశారు. ఆ జిడ్డు మూడు రోజులు గోకినా పోలేదు. అన్నం కలుపుకుంటే వేళ్ల నుంచి అదే వాసన. మీరు ఓడ దిగి వచ్చినప్పుడు మీ చొక్కాకీ అదే వాసన ఉంటుంది, కాని అది నాకెప్పుడూ కంపు అనిపించలేదు. అక్కడ మాత్రం కలిపిన అన్నం వదిలేసి లేచాను.

అయినా నేను టీలు ఇచ్చాక బయటికి పోకుండా గోడవారగా నిలబడి పాఠం వినేదాన్ని. మీ పని గురించి కదా అని. ఒడ్డు వాల్వు తెరిచారని తేలాకే ఓడ మీద పంపు నడపాలని, ఆపేటప్పుడు ముందు ఓడ పంపు ఆగాలి, ఆ తరవాతే ఒడ్డు వాల్వు మూయాలని సారు చెప్పినప్పుడు నాకు బాగా గుర్తుండిపోయింది. "తొందరపడి ఒడ్డు వాల్వు ముందు మూశారనుకో, నూనె వెనక్కి తన్ని గొట్టం పగులుతుంది. దాని పక్కన నిలబడినవాడి ముఖం గుర్తుపట్టటానికి ఉండదు" అన్నాడు. ఆ పక్కన నిలబడేది మీరే కదా.

ఇంకోరోజు ఏదో ఓడ తాలూకు కాగితం తెర మీద చూపించాడు. పంపు గేజి ముల్లు గంట గంటకీ ఎక్కడుందో రాసిన కాగితం. ఇరవై గంటలకీ ఏడు, ఏడు, ఏడు అనే ఉంది. "ఏం పంపయ్యా ఇది! మనిషి నాడి కూడా ఇరవై గంటలు ఒకేలా కొట్టుకోదే!" అన్నాడు. అందరూ పడి పడి నవ్వారు. "ఒకే కలం, ఒకే వాలు, ఒక్క మరక లేదు. ఎవడో కుర్చీలో కూచుని ఒక్క ఊపులో రాసిపారేశాడు. నిజంగా డెక్కు మీద రాసిన కాగితానికి నూనె వేలిముద్ర ఉంటుంది, కొట్టివేత ఉంటుంది, మధ్యలో కలం మారుతుంది. శుభ్రంగా ఉన్నదాన్ని నమ్మకండి" అన్నాడు.

ఇప్పుడు మీ నల్లకళ్లద్దాల మనిషి సంగతి. ఎలాంటివాడని అడిగారు. నాకు తెలియదండీ. ఎవరికీ తెలియదు. నలభై రోజుల్లో అతను వచ్చింది మూడు రోజులు. మొదటి రోజు, ఫోటో తీసిన రోజు, పరీక్ష రోజు. పరీక్ష రోజున కూడా పక్కవాడి కాగితం చూసి రాస్తుంటే సారు కిటికీలోంచి కిందికి చూస్తూ నిలబడ్డాడు.

మిగతా ముప్ఫై ఏడు రోజులు అతను వచ్చినట్టు రిజిస్టర్లో ఉంది. ఆ ముప్ఫై ఏడూ నేను రాసినవే.

మొదటి శనివారం మేనేజరు పిలిచాడు. "నీ అక్షరం గుండ్రంగా ఉంటుందమ్మా. ఈయన మనకి కావలసినవాడు, వారానికోసారి ఈయన గళ్లు నింపేసెయ్" అని ఒక సంతకం నమూనా చేతిలో పెట్టాడు. "సంతకం కూడానా అండీ?" అని అడిగాను. "నువ్వు రాసేది పేరమ్మా, కొంప ముంచే పత్రం కాదు" అన్నాడు. ఆ నమూనా తీసుకుని రిజిస్టరు ముందు కూర్చున్నాను. నా సంగతి మీకు తెలుసు కదా, రేకు తిరగేసి బిగించినా చెప్పలేనిదాన్ని. అయినా నోరు లేదని చెప్పుకుంటే చేసిన పని ఒప్పయిపోదు. చేత్తో రాశాను. చేతికి సిగ్గు లేకపోయింది.

తరవాత సర్టిఫికెట్లు ఇచ్చే బోర్డు నుంచి తనిఖీకి ఒక మేడమ్ వచ్చారు. రిజిస్టరు తిరగేస్తూ ఆ పేరు దగ్గర ఆగి, కప్పులు తీస్తున్న నన్ను పిలిచి, "ఏమ్మా, రోజూ ఉండేదానివి నువ్వే కదా, ఈయన వచ్చేవారా?" అని అడిగారు. మేనేజరు నా వైపు చూస్తున్నాడు. నేను తలాడించాను. ఆవిడ సంతకం పెట్టి వెళ్లిపోయారు.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టేద్దామనుకున్నాను. కాని అసలు సంగతి ఇంకా రాయలేదు. ఆ ఏడుల కాగితం పాఠం విన్నాను అన్నాను కదా. ఆ శనివారం రిజిస్టరు ముందు కూర్చుంటే నా రాతా అలాగే కనిపించింది, ఒకే కలం, ఒకే వాలు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఆపేయలేదు. రెండో కలం తెచ్చుకున్నాను. ఒకరోజుకి నీలం, ఒకరోజుకి నలుపు. ఒక గడిలో తప్పు రాసి కొట్టేశాను. ఒక పేజీ అంచున టీ చుక్క నేనే వేశాను, వేలితో అద్ది. తనిఖీ మేడమ్ ఆ పేజీ చూసి, "ఇది నిజంగా వాడిన రిజిస్టరులా ఉంది" అన్నారు. ఆ మాటకి నాకు లోపల కాస్త గర్వం కలిగింది కూడా. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఆ నలభై రోజుల్లో సారు పాఠం వంటబట్టింది నాకొక్కదానికేనేమో.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే గంటల సారు దగ్గరికి వెళ్లాను. ఆయన టీలో బిస్కట్టు ముంచుకుంటున్నాడు.

"సారూ, ఆ కళ్లద్దాలాయనకి జెట్టీ ఇన్‌ఛార్జి పని ఇచ్చారట. మా వారి ఓడ అక్కడికే వెళుతోంది. ఆయన క్లాసుకే రాలేదు కదండీ" అన్నాను.

"రాలేదా? రిజిస్టర్లో ఉన్నాడే."

"అది నేను రాసిందే కదండీ. మీకు తెలుసు కదండీ."

"నాకేం తెలుసమ్మా? నేను పాఠం చెప్పేవాణ్ని. రాసింది నువ్వు. సంతకం చేసింది నువ్వు. మేడమ్ అడిగితే తలాడించింది నువ్వు" అని విరిగి టీలో పడిపోయిన బిస్కట్టు ముక్కని వేలితో పైకి తీసి చప్పరించాడు. "అయినా మీ ఆయన పాత కాపే కదా, చూసుకుంటాడులే" అన్నాడు.

ఆ వేలు చప్పరించటం నా కళ్లముందు నుంచి పోవటం లేదు. కప్పు తీసుకోకుండా అక్కడే వదిలేసి మెట్లు దిగాను.

అత్తయ్యకి చెప్పాను. ముందు కొడతారనుకున్నాను. ఒక చేత్తో బుగ్గ పట్టుకుని లేచారు. తరవాత, "చెప్పులేసుకో" అన్నారు. ఇద్దరం బోర్డు ఆఫీసుకి వెళ్లాం. మేడమ్ నన్ను గుర్తుపట్టారు.

"మొన్న వచ్చారని తలాడించావుగా?"

"ఆడించానండి. అబద్ధమండి. ఆ సంతకాలు నావండి."

"దీనికి ఏమవుతుందో తెలుసా నీకు?"

అత్తయ్య వెనక నుంచి, "ఏమయ్యేది తరవాత చూసుకుందాం తల్లీ, ముందు అది చెప్పింది రాసుకో" అన్నారు. మేడమ్ కాగితం ఇచ్చారు. నమూనా సంతకం ఎలా ఇచ్చారో, రెండు కలాలు ఎందుకు తెచ్చానో, అన్నీ రాసి నా పేరు పెట్టాను. విచారణకి రెండు నెలలు పడుతుందట. అంతవరకూ అతని సర్టిఫికెట్టు చెల్లుతుందట. నన్ను మళ్లీ పిలుస్తారట. ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. అది పోయినందుకు ఏడవలేదు.

కాని రెండు నెలలంటే మీ పదో తేదీ దాటిపోతుంది. అందుకే ఈ ఉత్తరం మీ ఏజెంటు ఆఫీసులో నా చేత్తో నేనే ఇస్తున్నాను. మీరు జెట్టీకి చేరేలోపు అందిస్తామన్నారు.

మీరు చేయాల్సింది ఒకటుంది. గొట్టం తగిలించే ముందు అతన్ని మీ పెద్ద ఆఫీసరు ఎదుట అడగండి. ముందు ఎవరి వాల్వు తెరవాలి? ఆపమని సైగ ఏమిటి? ఆపేటప్పుడు ముందు ఎవరు ఆగాలి? జవాబు రాకపోతే, లేదా నవ్వి దాటేస్తే, పంపు మీద చెయ్యి వేయకండి. గంటలు పోతున్నాయని అరుస్తాడు, డెమరేజి మీ మీద రాయిస్తానంటాడు. రాయించనివ్వండి. ఒడ్డున పని తెలిసినవాడు వచ్చి నిలబడేదాకా ఓడని అలాగే ఉంచండి.

మీ ఒక్కరి మాట మీద ఓడ ఆపరని నాకు తెలుసు. ఊరికే ఎందుకు అనుమానిస్తున్నావని మిమ్మల్నే తిడతారు. అందుకని ఈ ఉత్తరం మీ ఆఫీసరుకి, కెప్టెనుకి చదివి వినిపించండి. అత్తయ్య పన్ను సంగతి వదిలేయండి, మిగతాదంతా చదవండి. నేను దొంగ సంతకాలు పెట్టిన ముక్క దాచకండి. అది దాస్తే మిగతాది ఎవరూ నమ్మరు. మీ భార్య ఇలాంటిదని ఓడంతా తెలుస్తుంది, మీకు తలవంపులే. నన్ను తిట్టాలనుంటే ఇంటికొచ్చి తిట్టండి.

పరాయివాళ్లు వినాల్సిన ఉత్తరం కాబట్టి, మీకొక్కరికే రాయాలనుకున్న మాట ఇందులో ఒక్కటి కూడా రాయలేదు.

ఇట్లు,
మీరు తిరిగొచ్చేదాకా గుమ్మం వైపే చూస్తుండే
మీ ఇంటిది